ఒక్క సమాధి, ఒక్క నోటు పుస్తకం

వచ్చే ఆదివారం ఒక గంట ఖాళీ పెట్టుకోండి. నోటు పుస్తకం, పెన్సిలు, చిన్న నీళ్ళ సీసా, మెత్తటి పాత గుడ్డ, చేతి అద్దం సంచిలో వేసుకుని మీ ఊరి చర్చి సమాధుల తోటకు వెళ్ళండి. మీకు ఏ చుట్టరికమూ లేని సమాధి ఒకటి ఎంచుకోండి. అందులో ఉన్న మనిషి ఎవరో తెలుసుకోండి. ఆర్నెల్లు పట్టినా, ఏడాది పట్టినా ఆ ఒక్కరి గురించే.

మైకు ముందు జంకు లేకుండా మాట్లాడటం, అద్దం ముందు నిలబడి నవ్వడం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం... వ్యక్తిత్వ వికాసం అంటే ఇలాంటివి ఆశించి వచ్చినవాళ్ళకు మధ్యలో ఈ సమాధులేమిటి అనిపించవచ్చు. అనుభవం మీద చెబుతున్నాను. చదువుకున్నవాళ్ళలో నాకు తరచుగా కనబడే లోటు ఒకటుంది. తాము కళ్ళతో చూసింది ఏది, ఎవరో చెబితే విన్నది ఏది, మనసులో అల్లుకున్నది ఏది అన్న తేడా వాళ్ళకు తెలియదు. ఇంట్లో తగాదాలు, ఆఫీసులో అపార్థాలు, ఫోన్లో గంటకొకటి వచ్చిపడే పుకార్లు, అన్నింటికీ వేరు అక్కడే ఉంది. ఆ తేడా పట్టుకునే అలవాటు ఉపన్యాసం వింటే రాదు. ఊరూ పేరూ తెలియని మనిషి జీవితాన్ని రాయి మీది అక్షరాల్లోంచి, రిజిస్టరు పేజీల్లోంచి, ముసలివాళ్ళ మాటల్లోంచి కూడగట్టి చూస్తే వస్తుంది. మీరు తప్పు రాస్తే ఆయన లేచి వచ్చి దిద్దడు. మీకు మీరే దిద్దుకోవాలి.

నేనుండేది రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపును ఆనుకుని పెరిగిన క్వార్టర్లు మావి. ఊళ్ళోవాళ్ళకు ఈ పేరు చెప్పగానే దసరా నాడు రావణ దహనం జరిగే మైదానం గుర్తొస్తుంది. మాకు మాత్రం ఇది ఉత్తరాంధ్రలోంచి తెగివచ్చి ఇక్కడ నాటుకున్న కొమ్మ. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంటే మనవాళ్ళు పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. వచ్చినవాళ్ళు ఖలాసీలయ్యారు, ఫిట్టర్లయ్యారు, కమ్మరి షాపులో సమ్మెట కొట్టారు. పిల్లల్ని చదివించుకున్నారు. కొందరు రిటైరై ఊరికి వెళ్ళిపోయారు. కొందరు ఇక్కడి మట్టిలోనే ఉండిపోయారు.

ఆ ఉండిపోయినవాళ్ళ గురించే ఈ పని మొదలైంది. ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన జరుగుతుంది. ముందురోజే సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటారు. ఒక ఏడు చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని చూస్తే, ప్రతి సమాధి దగ్గరా ఎవరో ఒకరు ఉన్నారు. గోడవార ఒక సిమెంటు పలక దగ్గర మాత్రం ఎవరూ లేరు. నా కొవ్వొత్తి అక్కడ పెట్టాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను. సిమెంటు పచ్చిగా ఉండగా మేకుతోనో పుల్లతోనో గీసిన తెలుగు అక్షరాలు. ‘బి’ అని, చుక్క పెట్టి, ఒక పేరు. దాని కింద ‘ఖలాసి’. దాని కింద ‘ప్రభువునందు నిద్రించెను’. అడుగున తేదీ. పేరు ఇక్కడ రాయను. అది ఆ ఇంటివాళ్ళది.

రాతను చదవడం దగ్గరే సగంమంది ఓడిపోతారు. తొందర వల్ల. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు అనుమతి అడగండి. పాస్టరు గారినో, విచారణ గురువులనో, చర్చి కమిటీ పెద్దలనో కలిసి, ఎందుకు వచ్చారో చెప్పండి. కాపలా మనిషికి కూడా చెప్పండి. చాలాసార్లు ఏ సమాధి ఎవరిదో రిజిస్టరు కంటే ఆయనకే బాగా తెలుస్తుంది. తర్వాత, నేల మీద పరిచిన పలక అయితే ఎండ ఎక్కకముందే వెళ్ళండి. ఏటవాలుగా పడే పొద్దుటి వెలుతురులో గీతల అంచులు నీడలు వేస్తాయి. మిట్టమధ్యాహ్నం నున్నగా కనబడిన చోట పొద్దున్నే మూడు అక్షరాలు లేచి నిలబడతాయి. నిలువు రాయి అయితే సంగతి వేరు. క్రైస్తవ సమాధుల్లో తల పడమరకు, కాళ్ళు తూర్పుకు పెట్టడం పాత ఆచారం. దానివల్ల చాలా రాళ్ళు తూర్పు ముఖంగా ఉంటాయి. పొద్దుటి ఎండ వాటి మీద తిన్నగా పడి అక్షరాలను మింగేస్తుంది. చేతి అద్దం అందుకే. పక్కన నిలబడి, వెలుతురును అద్దంలో పట్టి, రాయి మీదకు అడ్డంగా మళ్ళించండి.

గుడ్డ తడిపి, పిండి, పైపైన అద్దండి. రెండు నిమిషాలు ఆగండి. పైభాగం ముందు ఆరిపోతుంది, గీతల్లో తడి నిలుస్తుంది. అక్షరం నల్లగా తేలుతుంది. తీగల బ్రష్షుతో గీకొద్దు. యాసిడ్ పోయొద్దు. సుద్దముక్క రుద్దొద్దు. వాటి వల్ల రాయి పెచ్చులు లేస్తుంది, మీ తర్వాత వచ్చేవాడికి చదవడానికి ఏమీ మిగలదు. ఇక రాసుకోవడం. రాయి మీద ఉన్న తప్పుతో సహా ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. పోయిన అక్షరానికి గీత పెట్టండి. అరిగిన సిమెంటులో ‘ప’కీ ‘వ’కీ, ‘మ’కీ ‘య’కీ, 1కీ 7కీ, 6కీ 8కీ తేడా పట్టడం కష్టం. అనుమానం ఉంటే రెండూ రాసుకోండి.

నోటు పుస్తకంలో పేజీని మూడు భాగాలుగా గీసుకోమని మా కాలనీ కుర్రాళ్ళకు చెబుతాను. ఒక గడిలో చూసింది. ఒక గడిలో విన్నది, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో దానితో సహా. మూడో గడిలో ఊహించింది. ఊహించడం తప్పేమీ కాదు, ఊహ లేకపోతే తర్వాత ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఊహను తీసుకొచ్చి చూసిన గడిలో కూర్చోబెట్టడమే తప్పు. ఆ తప్పు నేను చేశాను.

ఆ సిమెంటు పలక మీది సంవత్సరంలో మూడో అంకె సగం అరిగిపోయింది. అది 6 అని నాకు నేనే తీర్మానించుకున్నాను. మా కాలనీలో ‘బి’తో మొదలయ్యే ఇంటిపేరున్న కుటుంబం ఒకటుంది. వాళ్ళ తాత ఇక్కడే ఖలాసీగా చేసి ఆ రోజుల్లోనే పోయారు, సమాధి ఎక్కడో వాళ్ళకు తెలియదు. పేరు కూడా దగ్గరగానే ఉంది. ఇంకేముంది, వెళ్ళి చెప్పేశాను. ఆ ఇంటివాళ్ళు ముగ్గురూ సున్నం బకెట్టు పట్టుకుని వచ్చారు. ఇంటావిడ ఆ పలక పక్కన కూర్చుని చేత్తో గడ్డి పీకింది. మూడు వారాల తర్వాత అద్దం తీసుకుని మళ్ళీ వెళ్ళాను. వెలుతురు పక్కనుంచి పడేసరికి ఆ అంకె పైన కుడివైపు చిన్న వంపు కనబడింది. అది 8. తర్వాత చర్చి రిజిస్టరు కూడా అదే చెప్పింది. మనిషి వేరు.

నాలుగు రోజులు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఐదో రోజు వెళ్ళి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి, “అయితే మా తాత ఎక్కడున్నట్టు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నా పుస్తకంలో ఇప్పటికీ ఖాళీ గడిలాగే ఉంది. వాళ్ళు మాత్రం ఏటేటా ఆ పలకకు సున్నం వేయడం మానలేదు. “ఒకసారి వేశాం కదండీ, ఇప్పుడెలా వదిలేస్తాం?” అన్నారు.

తప్పు చెప్పినచోటికే తిరిగి వెళ్ళి, అదే మనుషుల ముందు, ఫలానా చోట పొరపాటు పడ్డానని చెప్పడం. ఇది అలవాటు చేసుకోగలిగితే మీరు ఎక్కడ పనిచేసినా మీ మాటకు విలువ ఉంటుంది. ఫోన్ చేసి చెబితే ఇది నేర్చుకున్నట్టు కాదు. గుమ్మం ఎక్కాల్సిందే.

రాయి తర్వాత కాగితం. సమాధి కార్యక్రమం జరిగినప్పుడు రాసే రిజిస్టరు చాలా చర్చిల్లో ఉంటుంది. పాత నమూనాలో చనిపోయిన తేదీ, సమాధి చేసిన తేదీ, పేరు, వయసు, వృత్తి, మరణ కారణం, జరిపించిన గురువు సంతకం వరసగా గడులుంటాయి. కతోలిక విచారణల్లో మరణాల రిజిస్టరు ఉంచి తీరాలన్నది సభ చట్టమే. బ్రిటిషు కాలంలో ఇలాంటి పద్దుల నకళ్ళు బిషప్పు కార్యాలయాలకు, అక్కడినుంచి లండనుకు వెళ్ళేవి. ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో బెంగాల్, మద్రాసు, బొంబాయి మూడు వరసలుగా ఉన్నాయి. అయితే వాటిలో మీరు వెతికే మనిషి దొరుకుతాడని ఆశ పెట్టుకోవద్దు. అవి ఎక్కువగా యూరోపియన్ల పద్దులు. మనవాళ్ళ పేర్లుంటే ఇక్కడే, ఏ పాస్టరు గారి బీరువాలోనో ఉండాలి.

రిజిస్టరు చేతికి అందితే మీ మనిషి పేరున్న వరస ఒక్కటే చూసి మూసేయకండి. ముందు పేజీ, తర్వాత పేజీ కూడా చదవండి. ఒకే వారంలో వరసగా పేర్లు, ఒకే కారణం కనబడితే ఊరి మీదకు ఏదో వచ్చిందని అర్థం. 1864 నవంబరు 1న బందరును ముంచిన తుపానులో దాదాపు ముప్ఫై వేలమంది పోయారు. ఆ ఏడాది ఆ ఊళ్ళో ఒక్క మనిషి చావును విడిగా చదివితే ఏం తెలుస్తుంది? ఒకరి కథ పక్క వరసల్లో కూడా ఉంటుంది.

కాగితాల్లో ఇంకో చిక్కు పేర్లది. మనుషుల పేర్లకంటే ముందు సంస్థల పేర్లు, జిల్లాల పేర్లు మారిపోతుంటాయి. మా రైల్వేనే తీసుకోండి. 1944లో ప్రభుత్వం తీసుకునేదాకా అది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అనే కంపెనీ. మన విశాఖ పెద్దలు ఇప్పటికీ బీఎన్ఆర్ అనే అంటారు. 1952లో తూర్పు రైల్వేలో కలిసింది. 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే విడిపోయింది. ఒకే మనిషి సర్వీసు కాగితాల మీద మూడు రకాల ముద్రలుంటే ముగ్గురు మనుషులనుకోవద్దు. చర్చిదీ అంతే. 1970 నవంబరు 29న ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆరు సంఘాలు అందులో కలిశాయి. అంతకుముందు కాలం రిజిస్టరు వేరే సంఘం పేరుతో ఉండవచ్చు.

ఇక ఊరు. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషిని చూడండి. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు రాష్ట్రం, విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగానే అటు వెళ్ళింది. 1979లో విజయనగరం జిల్లా. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. రాష్ట్రం కూడా 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. ఆయన ఊరు అంగుళం కదల్లేదు. రాయ్‌పూర్ కూడా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోంచి మధ్యప్రదేశ్‌కు, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్‌కు మారింది. మా కుర్రాడొకడు ‘శ్రీకాకుళం జిల్లా’ అన్న మాట పట్టుకుని రెండు నెలలు ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే వెతికాడు. ఏ ఏడాది రాసిన కాగితమో ముందు చూసుకోవాలి.

అన్నింటికంటే పెద్ద తాళం ఇంటిపేరు. రైల్వే కాగితం దాన్ని ఒక్క అక్షరానికి కుదించేసింది. బి. అప్పారావు, కె. రామారావు అంటూ. ఆ ‘బి’ బొడ్డేపల్లి కావచ్చు, బెవర కావచ్చు, బూరాడ కావచ్చు. మధ్యలో హిందీ గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాసిన స్పెల్లింగు ఒకటి, ఇంగ్లీషులో ఇంకొకటి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళయితే చర్చిలో ఒక పేరు, షాపులో ఒక పేరు. కానీ పూర్తి ఇంటిపేరు ఒక్కసారి దొరికిందా, ఊరు దొరికినట్టే. మన పల్లెల్లో ఒక ఇంటిపేరువాళ్ళు ఒకటి రెండు ఊళ్ళలోనే గుంపుగా ఉంటారు. నా ఖలాసీ విషయంలోనూ అదే జరిగింది. రిజిస్టరులో ఆయన పక్కన సాక్షిగా సంతకం పెట్టినాయన ఇంటిపేరు పూర్తిగా రాశాడు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కావచ్చని ఊహ గడిలో రాసుకున్నాను. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ప్యాసింజరు ఎక్కి పార్వతీపురం వెళ్ళాను. రెండో ఊళ్ళో ఆయన తమ్ముడి కొడుకు దొరికాడు. పెట్టెలోంచి రాయ్‌పూర్ ముద్ర ఉన్న పాత మనియార్డరు రసీదులు తీశాడు. అప్పుడు ఆ మాటను ఊహ గడిలోంచి చూసిన గడిలోకి మార్చాను. ఆ సాయంత్రం నాకు కలిగిన తృప్తి జీతం పెరిగిననాడు కూడా కలగలేదు.

సమాధులను రాసిపెట్టే పని కొత్తదేమీ కాదు. మద్రాసు రాష్ట్రంలోని సమాధుల మీది రాతలను పోగుచేసి జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి 1905లో పుస్తకం వేశాడు. విశాఖ, భీమిలి, బందరు అందులో ఉన్నాయి. క్రాఫ్టన్ అనే మరో అధికారి 1932లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కు, 1941లో నైజాం రాజ్యానికి అలాంటి జాబితాలే చేశాడు. అంటే నేను ఇప్పుడున్న నేలనూ, హైదరాబాదునూ ఒకే మనిషి తిరిగి చూశాడన్నమాట. 1976లో థియాన్ విల్కిన్సన్ అనే ఆయన దక్షిణాసియాలోని పాత యూరోపియన్ సమాధుల కోసం ఇంగ్లండులో ఒక సంఘమే పెట్టాడు. పరాయి దేశంలో పోయిన తమవాళ్ళ పేర్లు చెరిగిపోకూడదన్న ఆ పట్టుదల చూస్తే నాకు గౌరవం. మనం నేర్చుకోవాల్సిందీ అదే.

పెద్దవాళ్ళ సమాధుల సంగతి చూడండి. గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో సమాధి చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. రెండు చోట్లా గుర్తు ఉంది, ఏ ఏడు ఏం జరిగిందో రాసి ఉంది. మన నిఘంటువు చేసిన బ్రౌన్ దొర 1884లో లండన్‌లో పోతే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంచారు. అంత దూరంలో ఉన్నా తెలుగువాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి దండ వేసి వస్తున్నారు. డోర్నకల్ జంక్షనులో రైలు దిగితే బిషప్ అజరయ్య గారి సమాధి ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ పక్కనే ఉంటుంది. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారని ఎవరినడిగినా చెబుతారు.

బందరు సెయింట్ మేరీస్ చర్చిలో 1809లో పోయిన అరబెల్లా సమాధి ఉంది. ఆమె కోసమే జనరల్ జాన్ పేటర్ ఆ చర్చి కట్టించాడని ఊరంతా కథగా చెప్పుకుంటారు. పెళ్ళి కాలేదని చోటివ్వకపోతే సొంత చర్చి కట్టాడని, ఆమె దేహాన్ని ఏళ్ళ తరబడి భద్రపరిచాడని. ఎంత అందమైన కథో! ఆ చర్చికి వెళ్ళినప్పుడు అక్కడున్న పిల్లలతో ఒక ఆట ఆడించాను. రాయి మీద ఏముందో ఒకరు చదవాలి, ఊళ్ళో ఏమంటారో ఒకరు చెప్పాలి, రెండింటికీ ఎంత దూరముందో మూడోవాడు కొలవాలి. కథను తుడిచేయమని ఎవరికీ చెప్పలేదు. అది విన్న గడిలో ఉండాలి. అంతే.

అయితే నా ఖలాసీ పేరు ఏ జాబితాలో ఉంది? కాటన్ రాయలేదు, క్రాఫ్టన్ రాయలేదు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళవాళ్ళ కోసం. యుద్ధంలో పోయిన సైనికులందరికీ హోదాతో, జాతితో పనిలేకుండా ఒకే గౌరవం ఇస్తామని 1917లో పుట్టిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ కూడా 2021లో తన నివేదికలో ఒప్పుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయుల్లో, ఆఫ్రికన్లలో 45 వేల నుంచి 54 వేలమందికి సమానంగా గుర్తు పెట్టలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తే లేదని. అందులో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికావాళ్ళు, ఈజిప్టువాళ్ళు. అంత పెద్ద సంస్థ, అన్ని రికార్డులు పెట్టుకుని, వందేళ్ళకు తన లెక్క తప్పని చెప్పింది. ఆ మాట చదివినప్పుడు నాకు కోపం, దానితోపాటు ఒక ధైర్యం కూడా కలిగాయి. ఒప్పుకోవడానికి వందేళ్ళు ఆలస్యమైనా ఒప్పుకున్నారు. మన లెక్క మనం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

పనిలోకి దిగాక మీకు ఒకటి తప్పకుండా కనబడుతుంది. ఆడవాళ్ళ సమాధుల మీద వాళ్ళ పేరు చిన్నది, భర్త పేరు పెద్దది. ‘ఫలానా వారి భార్య’ అని మాత్రమే ఉండి, అసలు పేరే లేని రాళ్ళు చూశాను. అలాంటి రాయి కనబడితే దాన్నే ఎంచుకోమంటాను. కష్టం ఎక్కువే. సర్వీసు కాగితాలుండవు, టోకెను నంబరు ఉండదు. ఎవరో ఒకరి నోట వినాల్సిందే. అందుకే వినడం బాగా వస్తుంది.

అడిగే పద్ధతి గురించి రెండు మాటలు. పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళి “ఆయన ఏ సంవత్సరంలో పోయారు?” అని అడిగితే “ఏమో బాబూ” అంటారు. సంవత్సరాలు మన గుర్తుల్లో ఉండవు. “అప్పటికి మీ పెద్దబ్బాయి బడికి వెళ్తున్నాడా?” అని అడగండి. “మీరు అప్పటికి ఏ క్వార్టర్లో ఉన్నారు? షాపు హూటరు మోగాక తీసుకెళ్ళారా, ముందా? వానాకాలమా?” గుర్తులు ఒకదాన్నొకటి లాక్కుంటూ వస్తాయి. మధ్యలో మాట ఆపితే మీరూ ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మీ మాటలతో నింపొద్దు. ఫోన్ బయటికి తీసి రికార్డు చేయాలంటే అడిగి తీయండి. రాసుకున్నది వెళ్ళేముందు వాళ్ళకే చదివి వినిపించండి. ఎవరి చావు ఎలా జరిగిందో చెప్పడం ఇష్టం లేదంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి. తెలిసినదంతా రాయనక్కర్లేదు.

ఇంకో సంగతి. కాగితం దొరికిందని ముసలివాళ్ళ మాటను కొట్టిపారేయకండి. మొదట్లో నేను అలాగే చేసేవాణ్ణి. “రిజిస్టరులో ఇలా ఉందండీ” అని దిద్దేవాణ్ణి. వాళ్ళు వెంటనే నోరు మూసుకునేవారు, ఆ పైన ఇంకేమీ చెప్పేవారు కాదు. రిజిస్టరు రాసినాయన కూడా మనిషే. సాయంత్రం తీరిక చేసుకుని, ఎవరో చెబితే రాసినవాడే. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ చూడండి. జులై ఒకటో తేదీన పుట్టినవాళ్ళు ఎంతమందో! ఉద్యోగంలో చేరేనాడు అంచనాగా వేసిన తేదీలు. కాబట్టి రెండు మాటలు కలవకపోతే రెండూ రాయండి, ఎవరిది ఏ మాటో పక్కన రాయండి. ఏది నిజమో తేల్చే తొందర మీకెందుకు?

గోడవార ఆ సిమెంటు పలక దగ్గర నేను అద్దం పట్టుకుని కూర్చున్న రోజుల్లోనే ఒక మామ్మ పలకరించింది. ఎనభై దాటినావిడ. మా కాలనీలోనే కొడుకు దగ్గర ఉంటుంది. రాయ్‌పూర్ వచ్చి అరవై ఏళ్ళవుతున్నా మాట పాలకొండ దాటి రాలేదు.

“ఏటి బాబూ, రాళ్ళు సదువుతున్నావా? నువ్వు ఎవుల అబ్బాయివి?”

చెప్పాను. నా చేతిలో పుస్తకం చూసి, “అందర్నీ రాస్తున్నావా?” అంది.

“ఒక్కొక్కర్నీ మామ్మా.”

గోడ మూలకు చెయ్యి చూపించింది. అక్కడ సమాధులేవీ లేవు. గరిక, రెండు ఇటుక ముక్కలు, ఒక గన్నేరు మొక్క. చిన్నపిల్లల్ని అక్కడ పెట్టేవారట. పలక వేయించే స్తోమత ఎవరికుందప్పుడు? “నా పెద్దపాప ఆడే ఉంది బాబూ. దాని పేరు ఏ పుస్తకంలోనైనా ఉంటాదా?”

ఉంటుందని చెప్పలేదు. చూస్తానన్నాను. పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన రెండో ఏడు, వానాకాలం, మామ్మ భర్త రాత్రి డ్యూటీలో ఉండగా అని ఆవిడ చెప్పిన గుర్తులు పట్టుకుని పాస్టరు గారి అనుమతితో రిజిస్టరు తిరగేశాను. మూడో శనివారం దొరికింది. తండ్రి పేరు, ఆయన టోకెను నంబరు. పేరు రాయాల్సిన చోట ‘ఆడశిశువు’. వయసు గడిలో ‘11 రోజులు’. కారణం గడిలో ‘జ్వరం’. బాప్తిస్మం కాకుండానే పోయింది కాబట్టి పేరు లేదు.

మర్నాడు చర్చి అయ్యాక మామ్మ దగ్గరకు వెళ్ళి అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చదివాను. తండ్రి పేరు వినగానే కొంగు సర్దుకుంది. ‘ఆడశిశువు’ దగ్గర తల అడ్డంగా ఊపింది.

“పేరుంది. ఇంట్లో మేం పిలిసుకున్నాం.” ఆ పేరు చెప్పింది. రాసుకున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చూసుకుంది.

“పదకొండు కాదు బాబూ,” అంది తర్వాత. “పదమూడు రోజులు బతికినాది. పదమూడు.”

పాత రోజుల్లో అయితే నేను రిజిస్టరు ఫోటో చూపించేవాణ్ణి. పెన్సిలు తీసి, చూసిన గడిలో ‘11, చర్చి రిజిస్టరు’ అని, విన్న గడిలో ‘13, తల్లి’ అని రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. మళ్ళీ చదవమంది.